చదువు, ఉద్యోగం, మీదికి ఉరికే కుక్క

ఉదయం 8:10. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తొమ్మిదిన్నరకి క్లయింట్ గోడౌన్‌లో స్టాక్ వెరిఫికేషన్ ఉంది. ఈ పది నిమిషాల్లో కుక్కని కిందికి తీసుకెళ్లి తెచ్చేద్దామని లిఫ్ట్ ఎక్కారు. మూడో ఫ్లోర్‌లో తలుపు తెరుచుకుంది. ఎదురుగా తెల్ల పొమేరేనియన్, దాన్ని ఎత్తుకున్న ఆంటీ. మీ కుక్క రెండు కాళ్ల మీద లేచి, గొంతు చించుకుని, లీష్ తెగేలా ముందుకు ఉరికింది. మీరు లాగారు, అరిచారు, సారీ చెప్పారు. తలుపు మూసుకుంది. కిందికి దిగేసరికి మీ చొక్కా తడిసింది, కుక్క వణుకుతోంది, పని మాత్రం కాలేదు. ఇంటికి తెచ్చి వదిలేసి ఆఫీసుకి పరుగు. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో అసోసియేషన్ మెసేజ్ ఉంటుంది.

ఇది మీ ఇంట్లో వారానికి రెండు మూడు సార్లు జరుగుతుంటే ఈ వ్యాసం మీకోసమే. నేను హైదరాబాద్‌లో సీఏ ఆర్టికల్‌షిప్ చేసిన మూడేళ్లు, ఆ తర్వాత ఫైనల్ రాసిన రెండు అటెంప్టులు ఇలాంటి కుక్కతోనే గడిపాను. మల్లి దాని పేరు. పగలు ఆఫీసు, పొద్దున కోచింగ్, రాత్రి చదువు. ఆ రోజుల్లో నేను చేసిన పెద్ద తప్పు, టైమ్ లేదు కాబట్టే కుక్క బాగుపడటం లేదనుకోవడం. టైమ్ నిజంగానే తక్కువ. కానీ కుక్కని చెడగొట్టింది అది కాదు. రోజూ లిఫ్ట్‌లో, గేటు దగ్గర, సందు మలుపులో జరిగే ఆ గొడవలే. వాటిని ఆపగలిగితే, మిగిలిన పనికి రోజుకి అరగంట చాలు. ఆపలేకపోతే మూడు గంటలిచ్చినా చాలదు.

ముందు విషయం అర్థం చేసుకుందాం. ట్రైనర్లు ఇలాంటి కుక్కని రియాక్టివ్ డాగ్ అంటారు. మరో కుక్కో, అపరిచితుడో, బైకో కనిపించగానే అవసరానికి మించి మొరగడం, ఎగబడటం. చూసేవాళ్లకి అది పొగరులా కనిపిస్తుంది. ఎక్కువ సందర్భాల్లో అది భయం. "నువ్వు దూరంగా పో" అని అరుస్తోంది, అవతలి కుక్క నిజంగానే వెళ్లిపోతోంది, కాబట్టి అరిస్తే పనవుతుందని నేర్చుకుంటోంది. ప్రతి గొడవా దానికి ఒక విజయమే. కొన్ని కుక్కల్లో మాత్రం ఇది భయం కాదు, ఉక్రోషం. నా జూనియర్ ఒకరి లాబ్రడార్‌కి కుక్కలంటే ప్రాణం. చిన్నప్పుడు కనిపించిన ప్రతి కుక్కతోనూ ఆడనిచ్చారు. పెద్దయ్యాక లీష్ కట్టి ఆపితే తట్టుకోలేక అరుస్తోంది. రెండింటికీ కింద చెప్పే పద్ధతి పనికొస్తుంది. కాకపోతే భయపడే కుక్కకి దూరం జరగడమే బహుమానం, ఉక్రోషపడే కుక్కకి నెమ్మదిగా ఉంటే దగ్గరికి వెళ్లనివ్వడం బహుమానం. మీది ఏ రకమో తెలియకుండా పని మొదలుపెట్టకండి.

కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకం పరిచయమయ్యే వయసు. ఆ రోజుల్లో చూసినవి మామూలైపోతాయి, చూడనివి తర్వాత భయపెడతాయి. మల్లి నా దగ్గరికి వచ్చేసరికి దానికి ఏడు నెలలు. అంతవరకు నల్లకుంటలో ఒక డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన కట్టేసి ఉంచారు. దానికి తెలిసిన లోకం ఆకాశం, ట్యాంకు, రోజుకోసారి వచ్చే పెరుగన్నం గిన్నె. అలాంటి కుక్కని తిన్నగా విద్యానగర్ రోడ్డు మీదికి తీసుకెళ్లి "అలవాటవుతుందిలే" అనుకున్నాను. అలవాటు కాలేదు, ముదిరింది.

ఈ పనంతా దూరం మీద నడుస్తుంది. ప్రతి కుక్కకీ ఒక గీత ఉంటుంది. అవతలి కుక్క ఆ గీతకి బయట ఉన్నంతసేపు మీది చూస్తుంది, ఆలోచిస్తుంది, మీరిచ్చిన ముక్క తింటుంది. గీత దాటిందా, చెవులు పనిచేయవు, చికెన్ ముక్క మూతికి ఆనించినా వాసన చూడదు. మల్లికి మొదట్లో ఆ గీత దాదాపు నలభై అడుగులు. మీ కుక్క గీత ఎక్కడుందో వారం రోజులు గమనించండి. అది మొరగడానికి ముందే చెబుతుంది. నోరు మూసుకుంటుంది, తోక నిటారుగా బిగుసుకుంటుంది, నడక నెమ్మదించి మెడ ముందుకి సాగుతుంది, వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. కొన్ని పెదాలు నాక్కుంటాయి, ఆవలిస్తాయి. మీరు ఫోన్ చూస్తూ నడుస్తుంటే ఇవేవీ కనిపించవు. వాకింగ్‌లో లెక్చర్ వింటూ ఒక పనిలో రెండు పనులు చేద్దామని నేనూ ప్రయత్నించాను. లెక్చరూ ఎక్కలేదు, మల్లి బిగుసుకోవడమూ కనిపించలేదు.

రెండో విషయం, ఒత్తిడి పేరుకుపోవడం. ఒక గురువారం నా నోట్స్‌లో ఇలా ఉంది. పొద్దున ఆరింటికి పక్క సైటులో డ్రిల్లింగ్. ఎనిమిదింటికి సిలిండర్ బాయ్ బెల్ కొట్టాడు. మధ్యాహ్నం ఇంట్లో ఒంటరి. సాయంత్రం మెట్ల మీద పిల్లల బంతి. ఒక్కోదానికి మల్లి చిన్నగా గుర్రుమని ఊరుకుంది. రాత్రి తొమ్మిదింటికి యాభై అడుగుల దూరంలో, రోజూ పట్టించుకోని ముసలి కుక్క కనబడితే రోడ్డు దద్దరిల్లేలా ఎగబడింది. నాకు అది ఊహించని దెబ్బ. కుక్క లెక్కలో అది ఆ రోజు ఐదోది. ఒక గొడవ తర్వాత ఒళ్లు మళ్లీ మామూలు కావడానికి గంటలు, కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి నిన్న పెద్ద గొడవ జరిగి ఉంటే ఈరోజు ట్రైనింగ్ సెలవు. వాకింగ్ కూడా ఒంటికీ రెంటికీ మాత్రమే. ఇంట్లో ఆడించండి, పడుకోనివ్వండి. వాకింగ్ మానేస్తే అన్యాయం చేసినట్టు మనసు పీకుతుంది. పీకనివ్వండి.

ఇప్పుడు పని. మొదటి రెండు వారాలు ట్రైనింగ్ వద్దు. గొడవలు జరగకుండా చూడటం ఒక్కటే మీ టార్గెట్. నేను చేసినవి చెబుతాను. వాకింగ్ 8:10 నుంచి 5:15కి మార్చాను. లిఫ్ట్ పూర్తిగా బంద్, నాలుగంతస్తులూ మెట్లే. మలుపు దగ్గర నేను ముందు తొంగిచూసి, తర్వాత కుక్క. వాచ్‌మన్ అన్నతో మాట్లాడి ఒక ఒప్పందం చేసుకున్నాను. వేరే కుక్క కిందికొస్తే నాకు మిస్డ్ కాల్. "సార్, మూడో ఫ్లోర్‌ది ఇప్పుడే దిగింది, పది నిమిషాలు ఆగుండ్రి" అనే ఆ ఒక్క మాట నాకు ఎన్ని గొడవలు తప్పించిందో లెక్కలేదు. పండక్కి ఆయన చేతిలో పెట్టిన డబ్బు ట్రైనర్ ఫీజు కంటే బాగా పనిచేసింది. బాల్కనీ గ్రిల్‌కి అడుగున మూడడుగులు గ్రీన్ నెట్ కట్టాను, రోడ్డు మీద పోయే కుక్కలు కనబడకుండా. కాలింగ్ బెల్ తీసేసి, డెలివరీ యాప్‌లన్నింటిలో "బెల్ కొట్టవద్దు, ఫోన్ చేయండి" అని పెట్టాను. చేసినవన్నీ ఇవే. రెండు వారాల్లో మల్లి ఇంట్లో పగటిపూట పక్కకి ఒరిగి, కాళ్లు చాపి నిద్రపోవడం మొదటిసారి చూశాను.

వీధికుక్కల సంగతి విడిగా చెప్పాలి, మన ఊళ్లలో దాన్ని తప్పించుకోలేం. ప్రతి సందుకీ ఒక గుంపు ఉంటుంది, దానికో హద్దు ఉంటుంది. మీ కుక్క లీష్‌తో ఆ హద్దులోకి వస్తే అవి వస్తాయి. అందుకే మీ దారిని హద్దుల ప్రకారం ఎంచుకోండి. ఒకే దారిలో, ఒకే సమయంలో వెళితే నాలుగైదు వారాల్లో అవి మిమ్మల్ని గుర్తుపట్టి లేవడం మానేస్తాయి. జేబులో గుప్పెడు డాగ్ ఫుడ్ గింజలు ఉంచుకోండి. అవి దగ్గరికి వస్తుంటే వాటి ముందు నేల మీద చల్లి, అవి ఏరుకుంటుండగా పక్కకి తిరిగి నడవండి. పరిగెత్తొద్దు, రాయి తీయొద్దు. రాయి తీస్తే వాటికే కాదు, మీ కుక్కకీ ఈ కలయికలో ప్రమాదం ఉందని రుజువు చేసినట్టే.

మూడో వారం నుంచి అసలు అభ్యాసం. లెస్లీ మెక్‌డెవిట్ అనే అమెరికన్ ట్రైనర్ 2007లో వచ్చిన 'కంట్రోల్ అన్‌లీష్డ్' పుస్తకంలో దీనికి 'లుక్ ఎట్ దట్' అని పేరు పెట్టారు. చూడటానికి చాలా చిన్న పని. ఆదివారం బోన్‌లెస్ చికెన్ పావుకిలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం, ఇంట్లో కూరలోంచి తీసి కడిగిన ముక్కలు పనికిరావు. శనగగింజంత ముక్కలు కోసి, రోజుకో డబ్బా చొప్పున ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లో మూడు రోజులు "భేష్" అనండి, ముక్క పెట్టండి. భేష్ అంటే ముక్క వస్తుందని దానికి ఖాయం కావాలి.

తర్వాత, గీతకి చాలా బయట నిలబడండి. నేను పార్కు గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల ఆగి ఉన్న లారీ పక్కన నిలబడేవాణ్ణి. అవసరమైతే దాని వెనక్కి జరగొచ్చు. గేటులోంచి ఒక కుక్క బయటికి వస్తుంది. మల్లి చెవులు ముందుకి తిరుగుతాయి. చూసిన ఆ క్షణంలోనే, మొరగకముందే, "భేష్". తల నావైపు తిరుగుతుంది, ముక్క. మళ్లీ చూస్తుంది, భేష్, ముక్క. అవతలి కుక్క కనుమరుగైతే ముక్కలు బంద్. ఆరేడు సార్లు అయ్యాక ఇంటికి. మొత్తం ఐదు నిమిషాలు. ఈ అభ్యాసం మొదలుపెట్టిన సుమారు మూడో వారానికి ఒక పొద్దున, గేటులోంచి నల్ల కుక్క వచ్చింది. మల్లి దాన్ని చూసింది. నేను భేష్ అనడం ఆలస్యమైంది. అదే మెడ తిప్పి, నా చేతి వంక చూసి, నోరు కాస్త తెరిచి నిలబడింది. "చూశాను, నా ముక్క ఏది?" అన్నట్టు. కుక్క కనబడితే భయం రావాల్సిన చోట చికెన్ గుర్తొచ్చింది. మీరు ఎదురుచూడాల్సింది ఆ మెడ తిరగడం కోసమే.

ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. మొదటి తప్పు, ముక్క ముందు చూపించడం. కుక్క రాకముందే సంచీ తెరిచి ముక్క ఊపితే, చికెన్ కనబడితే ఏదో కుక్క రాబోతోందని అది నేర్చుకుంటుంది. ముందు చూపు, తర్వాత మాట, ఆ తర్వాతే ముక్క. రెండోది, నాలుగు రోజులు బాగుందని దూరం సగానికి తగ్గించడం. నలభై అడుగుల నుంచి ముప్ఫై ఐదుకి రండి, ఇరవైకి కాదు. మూడోది, బంధువులొచ్చారని, పిల్లలు చూస్తామన్నారని ప్రదర్శన పెట్టడం. నాలుగోది నాది. మే అటెంప్ట్ దగ్గరపడి చిరాకుగా ఉన్న రోజుల్లోనూ "ఈరోజు కోటా" పూర్తి చేయాలని వెళ్లేవాణ్ణి. మీ చెయ్యి బిగుసుకుంటే లీష్ బిగుసుకుంటుంది, అది కుక్క మెడకి తెలుస్తుంది. మీ మూడ్ బాగాలేని రోజు వెళ్లకండి.

పొరపాటున దగ్గరగా ఎదురైతే ఏం చేయాలో కూడా ఇంట్లోనే నేర్పాలి. నేను "పద పద" అనేవాణ్ణి. హాల్లో నడుస్తూ హుషారుగా "పద పద" అని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, అది వెంట వస్తే ముక్క. రోజుకి పదిసార్లు, నెల రోజులు, ఏ కుక్కా లేని చోట. అప్పుడు సందులో నిజంగా అవసరమైనప్పుడు కాళ్లు వాటంతటవే తిరుగుతాయి. మొదటిసారే రోడ్డు మీద వాడితే ఆ మాట చెడిపోతుంది.

కొట్టడం, మెడ పట్టి కుదపడం, ముళ్ల కాలర్, కరెంట్ కాలర్, వీటి సంగతి. "నువ్వు లీడర్‌వని చూపించు, లేకపోతే నెత్తికెక్కుతుంది" అని మీకు కనీసం ముగ్గురు చెబుతారు. ఈ ఆలోచన రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు 1947లో రాసిన పరిశీలన నుంచి వచ్చింది. ఆయన చూసినవి జూలో బంధించి ఉన్న తోడేళ్లు. 1970లో తన పుస్తకంతో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్లను చూశాక 1999లో తానే సవరించుకున్నారు. గుంపు అంటే అధికారం కోసం కొట్టుకునే ముఠా కాదు, తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న కుటుంబం అని. కొడితే కొన్ని కుక్కలు మొరగడం ఆపేస్తాయి, నిజమే. భయం తగ్గదు, హెచ్చరిక మాత్రం పోతుంది. రేపు అది గుర్రుమనకుండానే కరుస్తుంది. గుర్రుమన్నందుకు కుక్కని ఎప్పుడూ తిట్టకండి, అది మీకు ఇస్తున్న నోటీసు. వారం రోజుల్లో సరిచేస్తానని, కుక్కని తన దగ్గర వదిలేసి వెళ్లమని అడిగే ట్రైనర్‌కి డబ్బు కట్టకండి. ఏం చేస్తారో మీ ఎదుట చేసి చూపించమనండి.

సామాన్లు తక్కువే. ఛాతీ ముందు రింగు ఉన్న హార్నెస్, ఆరడుగుల లీష్. బటన్ నొక్కితే సాగే లీష్ వద్దు, గొడవలో దాన్ని ఆపలేరు, చెయ్యి కోసుకుపోతుంది. ఇంకొకటి బుట్టలా ఉండే మజిల్. ఎడ్ల మూతికి చిక్కం కట్టినట్టే. నోరు తెరిచి రొప్పగలిగేంత, నీళ్లు తాగగలిగేంత వెడల్పు ఉండాలి. మూతి బిగించే గుడ్డ మజిల్ మన ఎండల్లో ప్రమాదం, రొప్పలేకపోతే కుక్కకి ఒంట్లో వేడి దిగదు. మజిల్‌ని ఒక్కరోజులో తొడగొద్దు. లోపల చికెన్ పెట్టి తనే మూతి దూర్చేలా రెండు మూడు వారాలు అలవాటు చేయండి. మజిల్ వేస్తే కుక్క చెడ్డదని అనుకుంటారేమోనని చాలామంది సిగ్గుపడతారు. వెటర్నరీ క్లినిక్‌లో, రద్దీ మెట్ల మీద అది మీ ఇద్దరికీ రక్ష.

ఇప్పుడు మీ టైమ్ టేబుల్. పొద్దున 5:15 నుంచి ఇరవై ఐదు నిమిషాలు, అందులో ఐదు నిమిషాలు అభ్యాసం, మిగతాది వాసన చూడటం. కుక్కని నడిపించాలని లేదు, చెట్టు మొదలు నాలుగు నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి. అలసట కాళ్ల కంటే ముక్కుతో త్వరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నర దాటితే వద్దు. అనుమానం ఉంటే అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. ఆఫీసుకి వెళ్లే ముందు తిండి గిన్నెలో పోయకండి. పాత తువ్వాలు మడతల్లో గింజలు దాచి చుట్టి ఇవ్వండి, అట్టపెట్టెలో పేపర్ ఉండల మధ్య వేసి ఇవ్వండి. పదిహేను నిమిషాలు దానికి పని. రాత్రి చదువుకునేటప్పుడు మీ కుర్చీ పక్కన చాప వేసి, అది నెమ్మదిగా పడుకున్న ప్రతిసారీ మాట్లాడకుండా ఒక గింజ చాప మీద పెట్టండి. గంట చదివితే గంట ట్రైనింగ్ కూడా అయినట్టే. ఈ ఒక్క చోట మాత్రం రెండు పనులు కలుస్తాయి.

ఎక్సెల్‌లో ఒక షీట్ పెట్టండి. తేదీ, చోటు, ఏం కనిపించింది, ఎంత దూరం, గొడవ జరిగితే మళ్లీ తిండి ముట్టడానికి ఎంతసేపు పట్టింది. ఈ చివరి గడి ముఖ్యం. మొదట తగ్గేది మొరగడం కాదు, తేరుకునే సమయం. మల్లి గొడవల సంఖ్య రెండు నెలలు పెద్దగా మారలేదు, కానీ తేరుకోవడం ఇరవై నిమిషాల నుంచి మూడు నిమిషాలకి వచ్చింది. షీట్ లేకపోతే ఏమీ మారలేదనుకుని మానేసేవాణ్ణి.

రూమ్మేట్లు ఉంటే హ్యాండోవర్ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నోటి మాట మీద ఆధారపడితే, మీరు ఆడిట్‌కి వరంగల్ వెళ్లిన రోజు మీ ఫ్రెండ్ "పాపం చాలాసేపటి నుంచి లోపలే ఉంది" అని సాయంత్రం ఆరింటికి, పిల్లలంతా కిందున్న టైమ్‌లో, లిఫ్ట్‌లో తీసుకెళతాడు. ఇది జరిగింది. తప్పు అతనిది కాదు, చెప్పని నాది.

కేలెండర్ చూసుకోండి. మా ఫీల్డ్‌లో సెప్టెంబర్ 30 ట్యాక్స్ ఆడిట్ గడువు. సరిగ్గా ఆ రోజుల్లోనే మండపాల్లో మైకులు, నిమజ్జనం డీజేలు. తర్వాత దీపావళి. మీకు ఒత్తిడి ఎక్కువైన నెలలే కుక్కకీ ఎక్కువ. ఆ రోజుల్లో కొత్తగా ఏమీ నేర్పొద్దు, ఉన్నది కాపాడుకుంటే చాలు. లోపలి గది, కిటికీలకి దుప్పట్లు, ఫ్యాన్ ఫుల్ స్పీడ్, చీకటి పడకముందే వాకింగ్, మెడలో ఫోన్ నంబర్ ట్యాగ్. టపాసులకి బెదిరి తప్పిపోయే కుక్కలు ఎక్కువ.

ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఒకసారి వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. తుంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, పన్ను నొప్పి ఉన్న కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఆరు వారాలు గొడవలు తప్పించినా పగలంతా ఉలిక్కిపడుతూనే ఉంటే మందుల గురించి అడగండి. ఫ్లూఆక్సిటిన్ లాంటివి డాక్టర్ రాస్తారు, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపకూడదు. మందు పనల్లా అభ్యాసం బుర్రకెక్కే స్థితికి తేవడమే. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర కుక్క ప్రాణం తీయగలదు.

కాటు గురించి దాచకుండా చెబుతాను. నా మొదటి పేపర్‌కి ముందురోజు సాయంత్రం, గేటు దగ్గర రెండు కుక్కలు ఒక్కసారిగా మా మీదికి వచ్చాయి. నేను లీష్ పైకి గుంజి, మల్లికీ వాటికీ మధ్య కాలు అడ్డం పెట్టాను. అది తిరిగి నా పిక్క పట్టుకుంది. కోపంతో కాదు, ఆ క్షణంలో నోటికి ఏది అందితే దాన్ని. ఎగబడుతున్న కుక్కకి అడ్డంగా కాలో చెయ్యో పెట్టకండి. కాటు పడితే వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, రాసిన టీకా డోసులన్నీ ఆ తేదీల్లోనే వేయించుకోవాలి. మీ కుక్కకి యాంటీ రేబిస్ టీకా వేయించి ఉన్నా మీరు డాక్టర్‌ని కలవాల్సిందే. దాని బూస్టర్ ఏటా తప్పకూడదు, ఆ కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. నేను మర్నాడు పిక్కకి కట్టుతోనే పేపర్ రాశాను.

పొరుగువాళ్లతో ముందు మీరే మాట్లాడండి, ఫిర్యాదు రాకముందే. నేను ఆ మూడో ఫ్లోర్ ఆంటీ దగ్గరికి వెళ్లి, "ఆంటీ, మాది భయపడి అరుస్తుంది. నేను లిఫ్ట్ వాడను, పొద్దున ఐదింబావుకి, రాత్రి పదింటికి దిగుతాను. ఆ రెండు టైములు కాస్త చూసుకోండి" అన్నాను. "ముందే చెప్తే అయిపోయేది కదా బాబూ, పిల్లలు హడలిపోతున్నారని గానీ నాకేం కోపం" అన్నారు. హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. మెజారిటీ తీర్మానంతో పెంపుడు కుక్కల్ని అసోసియేషన్ నిషేధించడం చెల్లదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. అద్దె ఒప్పందంలో ఓనర్ పెట్టిన షరతు వేరే సంగతి, సంతకం ముందు చదవండి. ఇంకోవైపు, మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. జీహెచ్‌ఎంసీ లాంటి మున్సిపాలిటీలో ఉంటే లైసెన్స్ తీసుకోండి. కాగితాలు సరిగ్గా ఉన్నవాడి మాటకి మీటింగ్‌లో విలువ ఉంటుంది.

ఇంకా కుక్కని తెచ్చుకోనివాళ్లకి ఒక మాట. పీజీ హాస్టల్లో ఉంటూ, ఇంటర్న్‌షిప్‌తో పాటు ఎం.ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి షెల్టర్‌లో భయస్తురాలైన కుక్కని చూసి తెచ్చుకుంటానంటే, నేను వద్దనే చెప్పాను. ఆమెకి ప్రేమ లేక కాదు, పొద్దున ఐదింటికి తాళం తీసే గేటు లేక. ఆదివారాలు షెల్టర్‌కి వెళ్లి ఆ కుక్కనే నడిపిస్తోంది, ఇద్దరికీ మేలు జరుగుతోంది. ఇప్పటికే తెచ్చుకుని, అన్నీ చేసి, ఇంట్లో చిన్నపిల్లలకి ప్రమాదం తప్పని పరిస్థితి వస్తే, ఊళ్లో పెరడున్న తెలిసినవాళ్లకి, కరిచిన సంగతితో సహా మొత్తం చెప్పి ఇవ్వడం తప్పు కాదు. దాచి ఇవ్వడం, రాత్రిపూట వేరే కాలనీలో వదిలేయడం తప్పు. వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చి పుణేకో బెంగళూరుకో వెళ్లాల్సి వస్తే, జాయినింగ్ తేదీ రెండు వారాలు వెనక్కి జరపమని అడగండి. హెచ్‌ఆర్‌కి కుక్క సంగతి చెప్పక్కర్లేదు, ఇల్లు మారాలి అంటే చాలు. ఫ్లాట్ చూడటానికి పొద్దున ఆరింటికి వెళ్లండి, సాయంత్రం కాదు. మెట్లు ఎటున్నాయి, ఎన్ని కుక్కలు దిగుతున్నాయి, సందులో గుంపు ఎక్కడ పడుకుంటోంది చూసుకోండి. కింద, మెట్లకి దగ్గరగా ఉన్న ఫ్లాట్‌కి అద్దె వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి. దిగిన రోజే వాచ్‌మన్ నంబర్ తీసుకోండి. పాత ఇంట్లో పదిహేను అడుగుల దాకా వచ్చిన గీత, కొత్త ఇంట్లో మళ్లీ నలభై దగ్గరే ఉంటుంది. కంగారుపడకుండా మొదటి రెండు వారాలు ట్రైనింగ్ ఆపి, తప్పించడంతోనే మొదలుపెట్టండి. మేం ఇల్లు మారాక నలభై నుంచి పదిహేనుకి రావడానికి మల్లికి ఐదు వారాలు పట్టింది, మొదటిసారి ఎనిమిది నెలలు పట్టింది.